వారానికో బెల్లం ముక్క

రాజబాబుకి పదో ఏట నుంచి షుగరు. బతుకుతెరువేమో అనకాపల్లి బెల్లం మార్కెట్లో. ఏం చేస్తాం, రాత అలా ఏడిసింది. దిమ్మని గోటితో గిల్లి, వాసన చూసి రకం చెప్పేవాడు. నాలిక మీద వేసుకుని చెప్పేవాళ్లకన్నా అతని మాటే నిక్కచ్చి.

షుగరు మనిషని పిల్లనెవరూ ఇవ్వలేదు. తల్లి పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు.

నలభయ్యో ఏట కాస్త కలిసొచ్చింది. చనిపోయినవాళ్లెవరిదో క్లోమాన్ని చెడిపోకుండా ఐసుపెట్టెలో పట్నం చేర్చారు. అందులో ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఏరి, రాజబాబు కాలేయంలోకి ఎక్కించారు. ఎవరిదో ఆసుపత్రివాళ్లు చెప్పలేదు. పేపర్లో మాత్రం రాజబాబు ఫోటో పడింది. రోజూ పొడుచుకునే ఇంజెక్షన్లు ఆగాయి. గోరంత తీపి తినొచ్చన్నారు డాక్టరు.

నెల తిరక్కుండా సీతాలమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, ఒంటరిది. పేపర్లో చూసి చీడికాడ నుంచి బస్సెక్కానంది. పొట్లం విప్పి బెల్లం ముక్క అతని చేతిలో పెట్టింది.

"తిను బాబూ. కొత్త బెల్లం."

ముప్ఫై ఏళ్ల తర్వాత తీపి. రాజబాబుకి కళ్లనీళ్లు తిరిగాయి.

అప్పట్నుంచి ప్రతి బుధవారం వచ్చేది.

"మాత్రలేసుకున్నావా?"

"ఏసుకున్నానమ్మా."

"మానీకు బాబూ. మానేత్తే లోపలెక్కించినవి బతకవంట."

కన్నతల్లి కూడా ఇంత ఇదిగా అడగలేదనుకునేవాడు. ఒక్కటే వెలితి. ఆమె మొహంలోకి చూసేది కాదు. చూపెప్పుడూ కిందికే. పల్లెటూరి మనిషి, మొహమాటమేమో అని సరిపెట్టుకున్నాడు. ఆ బుధవారం కోసం మిగతా ఆరు రోజులూ ఈడ్చేవాడు.

చివరికి ఓ బుధవారం ఉండబట్టలేక అడిగేశాడు.

"నాకెవరూ లేరు. నీకూ లేరు. ఇక్కడే ఉండిపోమ్మా. కొడుకులా సూసుకుంటాను."

కాదంటే మళ్లీ రాదేమోనని భయపడ్డాడు.

సీతాలమ్మ బెల్లం ముక్క తనే అతని నోట్లో పెట్టింది. మింగేదాకా ఆగింది.

తర్వాత అతని కుడి డొక్క మీద అరచెయ్యి ఆనించి, అక్కడికే వంగి, మెల్లగా అడిగింది: "ఒరే త్రినాధా, ఈ బాబు నన్నుండిపొమ్మంటన్నాడు... మీ అమ్మని ఉండమంటావేట్రా?"