జానెడున్నర ఎత్తు

"ఇది నా కుర్చీ కాదు," అన్నాడు ఔరేలియో, వర్క్‌షాపు గుమ్మంలోనే నిలబడిపోయి.

దిండు కుడుతున్న ఎర్సీలియా తలెత్తలేదు. "మీదే బాబూ. గుడ్డ కూడా మీరు చెప్పిన ఆకుపచ్చే వేశాం."

"గుడ్డ సంగతి ఎవరడిగారు? నేను గీసింది జానెడున్నర ఎత్తు. దీన్ని చూడు, మా అమ్మమ్మ చర్చిలో కూర్చునే బెంచీలా ఉంది. పైగా చేతులొకటి తగిలించావు. నేను చేతులు గీశానా?"

ఔరేలియోకి ఒళ్లు మండిపోతోంది. శనివారం మిలాన్‌లో ఫర్నిచర్ ప్రదర్శన మొదలవుతుంది. డిజైనర్‌గా అతని పేరుతో జనం ముందుకు రాబోయే మొదటి సోఫా కుర్చీ ఇది. నేలని అంటీ అంటనట్టు, ఒళ్లు విరుచుకుని పడుకున్న పిల్లిలా ఉండాలని ఆరు నెలలు గీసి చింపి, గీసి చింపి తేల్చాడు. దాన్ని తీసుకొచ్చి మేదా ఊళ్లో ఈ కుట్టుపనావిడ చేతిలో పెడితే ఇలా తగలేసింది.

వెనకాలే కారు దిగి అతని తండ్రి వచ్చాడు. ఊరంతా కొమెందతోరె అని గౌరవంగా పిలిచే పెద్దమనిషి, ఆ కుర్చీని అమ్మబోయే కంపెనీకి యజమాని. డెబ్బై ఆరేళ్లొచ్చినా చేతికర్ర ముట్టనని పంతం. ఇన్నేళ్లలో కొడుకు గీతని మెచ్చుకుని ఒక్క మాట అన్న పాపాన పోలేదు.

"మీరే చూడండి నాన్నా, ఏం చేసిందో."

కొమెందతోరె కుర్చీని చూశాడు, గడియారం చూసుకున్నాడు.

ఔరేలియో మళ్లీ ఎర్సీలియా మీద పడ్డాడు. "ఎవర్నడిగి ఎత్తు పెంచావు?"

"కూర్చుని చూసినవాళ్లు పెంచమన్నారు."

"ఎవరు వాళ్లు?"

"చెప్పనని మాటిచ్చాను."

"నేను చూడకముందే నా కుర్చీలో ఎవడో కూర్చున్నాడన్నమాట."

"కుర్చీ అన్నాక కూర్చుంటారు కదా బాబూ."

"కూర్చోవడానికి స్టేషన్లో బెంచీలున్నాయి. ఇది చూడ్డానికి."

"స్టేషన్ బెంచీ మీద కూర్చున్నవాళ్లు రైలొస్తే లేస్తారు కూడా."

కుట్టుమిషన్ల దగ్గరున్న ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఔరేలియోకి మంటలో నెయ్యి పోసినట్టయింది.

"నాన్నా, ఈవిడకి ఇవాళ్టితో మన పని ఆపేయండి. దీనికి ఒప్పుకుంటేనే నేను ప్రదర్శనకి వస్తాను."

మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ముప్ఫై ఏళ్లుగా ఆ వర్క్‌షాపు నడుస్తున్నది కొమెందతోరె పంపే పనితోనే. అది పోతే ఎర్సీలియాతోపాటు ఇంకో ఆరుగురు ఆడవాళ్లు రోడ్డున పడతారు. ఆ సంగతి ఔరేలియోకి తెలుసు. తెలిసే అన్నాడు.

ఎర్సీలియా సూది దిండుకి గుచ్చి లేచి నిలబడింది. "మీరేమంటారు, కొమెందతోరె?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "గీసింది గీసినట్టు చెయ్యాలి. మావాడి డిజైన్‌ని దిద్దడానికి నువ్వెవరు? వాడు చెప్పిందే నా మాట."

ఔరేలియో ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తండ్రి నోట ఈ మాట వింటానని కలలో కూడా అనుకోలేదు.

"బాగా ఆలోచించే అంటున్నారా?" అంది ఎర్సీలియా.

"ఒక్కసారి చెప్తే అర్థం కాదా నీకు?"

"అయింది."

ఆ ఊళ్లో పాత పనివాళ్లకి ఒక పద్ధతి ఉంది. ఏ డిజైన్ వచ్చినా రెండు చేస్తారు, ఒకటి కాగితానికి, ఒకటి నడుముకి. కాగితానికి చేసినదాన్ని మూలన దుప్పటి కప్పి ఉంచుతారు. రెండోదాన్ని చూసి దొరలెవరైనా చిందులు తొక్కితే మొదటిదాన్ని బయటికి లాగుతారు. ఎర్సీలియా మూలకి వెళ్లి దుప్పటి లాగింది.

జానెడున్నర ఎత్తు. చేతులు లేవు. గీసింది గీసినట్టు. అందంగానే ఉంది, లేదంటే కళ్లు పోతాయి.

"ఇదీ నా కుర్చీ," అన్నాడు ఔరేలియో. కోపమంతా ఎటో పోయింది. మెడలో ఉన్న కెమెరా తీశాడు. "నాన్నా, ముందు మీరే కూర్చోవాలి. ఫొటో తీస్తాను."

"నాకు పనుంది."

"ఒక్క నిమిషం."

"కూర్చోండి కొమెందతోరె," అంది ఎర్సీలియా. "మీరు ఖాయం చేసిన ఎత్తే కదా."

అందరూ ఆయన్నే చూస్తున్నారు. కొమెందతోరె కోటు సర్దుకుని కూర్చున్నాడు. మెత్తటి దిండులోకి దిగిపోయాడు. మోకాళ్లు ఛాతీ దాకా వచ్చాయి. ఔరేలియో మూడు ఫొటోలు తీసి కెమెరా మూత పెట్టాడు.

"ఇక వెళదాం నాన్నా."

"ఉండు. ప్రదర్శనలో దీపాలు ఎటువైపు పెట్టిస్తున్నావు?"

ఔరేలియో చెప్పాడు. ఆయన గోడల రంగు గురించి అడిగాడు. అదీ చెప్పాడు. ఆ వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లుగా మంచినీళ్లు కూడా ముట్టని మనిషి కాఫీ అడిగాడు. తాగాడు. ఇంకో కప్పు అడిగాడు. అదీ అయిపోయింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"నాన్నా, ఆలస్యమవుతోంది. లేవండి."

కొమెందతోరె చేతులు అటూ ఇటూ తడుముకున్నాయి. పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఔరేలియో ఏమీ అర్థం కాక నిలబడి చూస్తున్నాడు.

ఎర్సీలియా చేతులు తుడుచుకుని కుర్చీ వెనక్కి వెళ్లింది. ఆయన చంకల కింద రెండు చేతులూ వేసి పట్టు చూసుకుంది.

"మంగళవారం లేపినట్టే లేపుతాను కొమెందతోరె. ముందు ఎడమ కాలు ఆనించండి."