సబ్బాతు పూట మోగిన ఫోన్

ఫోన్ మోగింది.

శనివారం ఉదయం, మెల్‌బోర్న్‌లోని యూదుల ప్రార్థనా మందిరం సినగాగ్‌లో, సరిగ్గా తోరా గ్రంథం తెరవబోతున్న క్షణాన.

లైబిష్ కళ్ళు మెరిశాయి. ఇరవై ఏళ్ళుగా ఆ మందిరం పెత్తనం అతనిదే. ఏ యంత్రమూ ముట్టకూడని సబ్బాతు విశ్రాంతి దినాన ఎవరి చెవిమిషను కుయ్యిమన్నా ఊరుకునే రకం కాదు. ఇక ఫోన్ మోగితే వదులుతాడా?

దొంగ ఎవరో తెలుసు. మూడో వరసలో నఫ్తాలి. పేదదేశాలకు సాయం పంపే సంఘం కుర్ర కార్యదర్శి.

నిన్న పొద్దు గుంకకముందే గొడవైంది. తుఫాను కొట్టిన వనువాటు దేశపు దీవిలో బావుల్లోకి సముద్రం వచ్చేసింది. పిల్లలకు వాంతులు, విరేచనాలు. సంఘం పంపిన మందులు పడవెక్కాయి. ఏ రేవు తెరిచారో శనివారం పొద్దున చూసి, ఎటు పోవాలో సరంగు ఫోన్‌లో అడుగుతాడు. సమాధానం దొరక్కపోతే పడవ కదలదు.

"నా ఫోన్ దగ్గర పెట్టుకుంటాను," అన్నాడు నఫ్తాలి.

"సబ్బాతునాడా? వాచ్‌మన్‌కి ఇచ్చెయ్. అతను యూదుడు కాదుగా!" అన్నాడు లైబిష్.

ఎనభై ఏళ్ళ మతగురువు రబ్బీగారు ఇద్దరినీ చూశారు. "నఫ్తాలీ, నీ ఫోన్ ఇంట్లో పెట్టు. వాచ్‌మన్‌కీ వద్దు. ఇది మీలాంటి వాళ్ళ మీద పెట్టే పని కాదు."

ఆ తర్వాత నఫ్తాలిని గదిలోకి పిలిచి తలుపేసుకున్నారు. చీవాట్లు పెట్టడానికే అయ్యుంటుంది. ఆ రాత్రి లైబిష్ చేప ఉండలు రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు.

ఇప్పుడు వీడు ఆయన మాట కూడా లెక్కచేయలేదన్నమాట! రేపటి సమావేశంలో వీణ్ణి సంఘం నుంచి పీకేయించాల్సిందే.

ఫోన్ ఆగింది. మళ్ళీ మొదలైంది.

లైబిష్ మూడో వరసలోకి దూసుకెళ్ళాడు. "ఏమోయ్, జేబులు తియ్!"

"లైబిష్ గారూ, ముందు నాకు దారివ్వండి. కాల్ కట్టయిపోతుంది!" నఫ్తాలి మొహం పాలిపోయింది.

"అవుతుందిలే! జేబులు!"

నఫ్తాలి రెండు జేబులూ బయటికి లాగాడు. ఒక రుమాలు, ఒక చాక్లెట్ కాగితం. "మేజోళ్ళు కూడా విప్పమంటారా?"

పైన ఆడవాళ్ళ వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది.

లైబిష్ చెవులు ఎర్రబడ్డాయి. "రబ్బీగారూ! ఆ పాపిష్టి ఫోన్ ఎవడిదో తేలేదాకా తోరా తెరవకండి!"

"తెరవనులే," అన్నారు రబ్బీగారు. చలేసినట్టు రెండు చేతులూ ప్రార్థన శాలువాలో దూర్చుకున్నారు. పాపం, పెద్దాయన వేళ్ళు మడతల్లో తడబడుతున్నాయి.

"వాడెవడైనా సరే! రేపట్నుంచి ఈ మందిరం గడప తొక్కకూడదు! అంతేనా, కాదా?"

నాలుగైదు తలలు ఊగాయి.

రబ్బీగారు శాలువా మడతల్లోంచి మోగుతున్న ఫోన్ తీసి చెవికి ఆనించుకుని, "ఆఁ, చెప్పు సరంగూ, ఏ రేవు తెరిచారు?" అన్నారు.