నక్కను మేపిందెవరు?

నక్కకు తిండి పెడుతున్న దొంగ, మెస్సులో వంటచేసే పెంచలే అని అబ్బులు తేల్చేశాడు. ఇక సాక్ష్యం దొరకడమే తరువాయి.

గల్ఫులో, అహ్మది ఊళ్ళోని ఆ కాంట్రాక్టు క్యాంపుకు అబ్బులు సేఫ్టీ ఆఫీసరు. అమలాపురంలో బీయెస్సీ జువాలజీ చదివాడు. ఉద్యోగంలో చేరాక హెల్మెట్లు పెట్టుకోమని అరవడమే తప్ప ఆ చదువుతో పని పడలేదు. అందుకే ఎడారి నక్క ఒకటి క్యాంపులోకి రావడం మొదలుపెట్టాక, అందరూ భయపడుతుంటే ఆయన మాత్రం లోలోపల కాస్త సంతోషించాడు.

మూడు భాషల్లో నోటీసు అంటించాడు. చెత్తడబ్బాల మూతలు బిగించాలి. పెంపుడు పిల్లుల్ని పొద్దు గూకేలోగా లోపల పెట్టాలి. నక్క ఎదురైతే పరుగెత్తకుండా, చేతులు పైకెత్తి గట్టిగా అరవాలి. అన్నిటికంటే ముఖ్యం, దానికి తిండి పెట్టకూడదు. మన తిండి మరిగిన నక్కకు మనిషంటే భయం పోతుంది. అరవడం ఎలాగో మెస్సు ముందు నిలబడి చేసి చూపించాడు కూడా. నక్క సంగతి దేవుడెరుగు, ఆ రోజు పాల వ్యాను గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరిగింది.

నక్క మాత్రం రావడం మానలేదు. పోయిన వారం క్యాంపు బాసు అబ్దుల్ ఖుద్దూస్ కూతురు నిలోఫర్ పెంచుకునే పిల్లి చెవి చిరిగి ఇంటికొచ్చింది. మర్నాడు ఆ పిల్ల సైకిలు తొక్కుతుంటే పదడుగుల దూరంలో నక్క వచ్చి కూర్చుంది, బెదురూ లేదు, బెరుకూ లేదు.

"ఎవడో మేపుతున్నడు, అబ్బులు సాబ్," అన్నాడు ఖుద్దూస్. "వాని పేరు రాసియ్యి. ఇఖామా కేన్సిల్. ఖలాస్." ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే పర్మిట్టు; అది పోతే ఉద్యోగం వదిలి ఇంటిముఖం పట్టాల్సిందే.

అబ్బులుకు నక్క మీద సొంత పగ కూడా ఒకటుంది. ఏడాది కిందట భార్య చంద్రావతి పోయినప్పటి నుంచి, రోజూ తొలి ముద్ద ఆవిడ పేరున కాకికి పెట్టడం ఆయనకు అలవాటు. అయిదింటి బస్సు ఎక్కేలోగా, పెళ్ళిలో పేరు చెక్కించిన ఆవిడ స్టీలు పళ్ళెంలోనే పెట్టి, తన గది వెనక మెట్ల పక్కన పిట్టగోడ మీద ఉంచేవాడు. మొదట్లో సాయంత్రం వచ్చి చూస్తే పెట్టింది పెట్టినట్టే ఎండిపోయి ఉండేది. చివరిచూపుకు రాలేదని ఆవిడ అలిగింది కాబోలనుకున్నాడు. ఆ రోజుల్లో ఆయనకూ అన్నం సహించేది కాదు.

చలికాలం మొదలయ్యాక ఓ సాయంత్రం పళ్ళెం కడిగినట్టు ఖాళీగా కనిపించింది. అప్పటి నుంచి రోజూ అంతే.

"ఈమధ్య బాగా తింటాండావన్నా," అని మెస్సు వంటవాడు పెంచల్ మురిసిపోయి ఇంకో గరిటె వేసేవాడు.

ఇప్పుడీ నక్క తిరుగుళ్ళకు కాకి ఎక్కడ బెదిరిపోతుందోనని అబ్బులు దిగులు.

ఒకరోజు తెల్లవారుజామున, సేఫ్టీ ఆఫీసరు గారు తన హెల్మెట్టే మరిచిపోయి బస్సు దిగి వెనక్కొచ్చారు. వెనక మెట్ల దగ్గర పెంచల్ చీపురుతో ఇసక చదును చేస్తున్నాడు. ఇంకా చెరపని జాడలు రెండు మిగిలాయి. అవి కుక్కవి కావని జువాలజీ ఇట్టే చెప్పింది.

"ఏంటయ్యా పెంచలూ, పొద్దున్నే ఇసక దువ్వుతున్నావు?"

"ఊరికేన్నా. గలీజుగా ఉంటేనూ."

"ఎడారిలో ఇసక ఊడుస్తార్టయ్యా ఎవరైనా?"

పెంచల్ మిగిలిన ఆ రెండు జాడల మీద కూడా చీపురు ఆడించాడు. వంటవాడు, ఎప్పుడంటే అప్పుడు చేతికందే కోడిముక్కలు, పైగా ఆనవాళ్ళు చెరపడం! అబ్బులు హెల్మెట్టు సంగతి మళ్ళీ మరిచిపోయి బస్సెక్కాడు.

ఆ సాయంత్రమే, కదలిక కనిపిస్తే ఫోటో తీసే కెమెరా ఒకటి సైటు నుంచి తెచ్చి, మెట్లకు ఎదురుగా పైపుకు కట్టాడు. మర్నాడు పని నుంచి వచ్చి దాన్ని విప్పుతుంటే పెంచల్ పరుగున వచ్చాడు.

"అన్నా, దాన్ని చూడాకన్నా. నక్కకు కూడు పెట్టింది నేనే. రాసియ్యి ఆ ఖుద్దూసుకు."

"మొన్నేగా నీ ఇఖామా మళ్ళీ కొట్టించారు? ఎందుకు చేశావయ్యా ఈ పని?"

"బుద్ధి లేక. నువ్వు మాత్రం ఆ ఫోటోలు చూడాకు. నీ కాళ్ళు మొక్కుతా."

దొరికిపోయిన దొంగ బతిమాలడం మామూలే అనుకున్నాడు అబ్బులు. గదికి వెళ్ళి రిపోర్టు రాశాడు. 'నక్కకు పెట్టే ముద్ద దయ కాదు, నేరం' అన్న వాక్యం తనకే నచ్చి రెండుసార్లు చదువుకున్నాడు. పేరు రాయాల్సిన చోట మాత్రం పెన్ను ఆగింది. చంద్రావతి పోయిన కబురు తెలిసిన రాత్రంతా తన పక్కన కూర్చున్నది ఈ పెంచలే. కానీ నిలోఫర్ పసిపిల్ల. ఫోటో చూసుకుని రాద్దాం, న్యాయం న్యాయమే అనుకుని కెమెరా తెరిచాడు.

ఉన్నవి మూడే ఫోటోలు. మొదటిదాంట్లో తనే, లుంగీతో, గోడ ముందు కళ్ళు మూసుకుని దండం పెడుతూ. తన బట్టతల మరీ ఇంతుందా అనుకుని దాటేశాడు. ఆఖరుదాంట్లో పెంచల్. చేతిలో చీపురు తప్ప ఇంకేం లేదు.

మధ్యది మిగిలింది. అబ్బులు కళ్ళజోడు తుడుచుకుని దాన్ని పెద్దది చేశాడు: తన కాకి, పిట్టగోడ మీద నాలుగు కాళ్ళతో నిలబడి, అంచున చంద్రావతి అని చెక్కిన స్టీలు పళ్ళాన్ని ఒక్క మెతుకు మిగలకుండా నాకుతోంది.