రెండింతలు

టీకాలు వేయించడానికి కవల మనవలిద్దరినీ ఒడిశాలోని గుణుపూర్ ఆసుపత్రికి తెచ్చింది అమ్మన్నమ్మ. పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, పిల్లను బెంచీ మీద పడుకోబెట్టింది. ఇద్దరి తూకమూ విని మురిసిపోయింది.

"మా బుల్లోడు సెల్లికి రెండింతలున్నాడు. డాక్టరుబాబుకి అదే సెప్పమ్మీ."

డాక్టరుకు తెలుగు రాదు. నర్సు పద్మప్రియ ఇంగ్లీషులో చెప్పింది: "ఆడపిల్ల బరువు అన్న బరువులో సగమే."

డాక్టరు లేచి బెంచీ దగ్గరికి వెళ్లాడు. పొట్ట నొక్కి చూసినా పిల్ల ఏడవలేదు. వెంటనే వార్డులో చేర్చమన్నాడు.

ఇంగ్లీషు రాకపోయినా 'హాఫ్' అన్న మాట తెలిసిన అమ్మన్నమ్మ ముఖం మాడిపోయింది. "రెండింతలని సెప్పమంటే సగమన్నావేటి?"

"రెండూ ఒకటే కదా మామ్మా."

"ఒకటెలాగవుతాది? ఇంటికాడ ఇప్పటికే ముగ్గురు ఆడపిల్లలు. నువ్వలా సెప్పబట్టి ఇప్పుడు దీన్ని బతికించేత్తారు."