కోత చొక్కా

శిక్షణ అన్నారు. పుట్టిన దగ్గర్నుంచీ చేపలు కోసే శ్రీకాకుళం జాలరులకు, పరాయి దేశంలో, చేపలు కోయడంలో మూడేళ్ల శిక్షణ! రోజుకు పద్దెనిమిది గంటలు. ఒంటికి కంపెనీ చొక్కా తొడిగి, మెడ దగ్గర పట్టీతో బిగిస్తారు. మనిషి అలిసినా చొక్కా అలిసిపోదు, చేతుల్ని అదే ఆడిస్తుంది. పొలుసు కనిపిస్తే చాలు, కత్తి దించుతుంది. షిఫ్టు అయ్యేదాకా ఊడదు.

మధ్యాహ్నం తవిటమ్మ పక్క బల్లకేసి చూసింది. తమ్ముడు దానేసు తల వాలిపోయింది, పెదాలు నల్లబడ్డాయి. చేతులు మాత్రం చకచకా కోస్తూనే ఉన్నాయి.

"మేస్త్రి బాబూ, మా తమ్ముడికి ఊపిరాడ్డం నేదు! సొక్కా ఇప్పండి!"

మేస్త్రీ మన తెలుగువాడే. నవ్వాడు. "నిద్దట్లో కూడా నీకన్నా జోరుగా కోస్తున్నాడు కదే! రాత్రి పదింటికి అదే ఊడుతుందిలే."

పదింటికి ఊడేది శవం మీంచి. అది వాడికీ తెలుసు.

తవిటమ్మ బల్లమీది చేప తోలును పళ్లతో అందుకుని, పక్కకు వంగి తమ్ముడి మెడపట్టీ మీద పడేసింది. పొలుసు చూసి ఆమె చొక్కా కత్తి దించింది. పట్టీ తెగింది, కింద చర్మమూ చీరుకుపోయింది. చొక్కా ఊడి దానేసు నేలమీద పడి, మెడ నెత్తురోడుతూనే గట్టిగా ఊపిరి పీల్చాడు.

మేస్త్రీ బూతులు తిడుతూ పరిగెత్తుకొచ్చి, బల్లమీద పడ్డ తోలు ముక్కను లాగేశాడు. కత్తి ఆ తోలు వెంటే వెళ్లింది. వాడి వేళ్లు రెండు తెగి బల్లమీద పడ్డాయి.

"ఆపవే! ఆపు!"

పొలుసులు వాడి చేతికి అంటుకునే ఉన్నాయి. కత్తి మళ్లీ లేచింది.

"కొయ్యడమే నేర్పినారు బాబూ," అంది తవిటమ్మ. "ఆపడం నేర్పనేదు."