నడిమి మైకు

నాలుగో టేకు కూడా పోయింది.

అద్దం అవతల వయొలిన్ వాళ్లంతా దగ్గుతున్నారు.

"ఈ పొగలో ఎట్లా వాయించేది?" వాళ్ల పెద్ద కెరోలిన్ విసుక్కుంది.

అవినాష్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద విసిరాడు.

ప్రొద్దుటూరులో, మేడ మీది గదిలో అతను ఏడాదిగా చేస్తున్న ఆల్బమ్. సెనెగల్ నుంచి ఒకరు, పెరూ నుంచి ఒకరు వాళ్ల వాద్యాలు వాయించి పంపారు. ఆరు పాటలయ్యాయి. ఏడో పాటకు మాత్రం వయొలిన్లూ డ్రమ్మూ ఒకే గదిలో కలిసి మోగాలి.

చెన్నై నుంచి వచ్చిన వయొలిన్ వాళ్లకు మధ్యాహ్నమే ఎర్రగుంట్లలో రైలు. పద్నాలుగు దేశాల్లో డ్రమ్ము వాయించిన వివేక్ పులివెందుల నుంచి ఇంకా దారిలోనే ఉన్నాడు. ఈలోగా పాట మొదట్లోని వయొలిన్ల ముక్కన్నా అవుతుందనుకుంటే, రెండుసార్లు కరెంటు పోయింది.

ఇప్పుడు పొగ.

అవినాష్ కిందికి దిగాడు.

మెట్ల పక్కన ఒక ముసలాయన అట్టముక్కలు ముట్టించి, తోలు పలక డప్పును మంట మీద తిప్పుతున్నాడు. వేలితో ఒక దెబ్బ కొట్టి, చెవి ఒగ్గి విని, మళ్లీ తిప్పుతున్నాడు.

"ఏం పెద్దాయనా, నీకు ఇదే తావు దొరికిందా?"

"రవ్వంత సేపు నాయనా. తోలు వదులైంది. కాంచితే గానీ మోగదు."

"ఊరేగింపు యాడుంటే ఆడ కాంచుకోపో. ఈడ రికార్డింగ్ జరుగుతాంది."

"నన్ను ఈడికే రమ్మని..."

"నీతో మాట్లాడేంత తీరిక లేదు నాకు!"

పక్కనున్న బకెట్ ఎత్తి మంట మీద కుమ్మరించాడు. సగం నీళ్లు పలక మీద పడ్డాయి.

ముసలాయన తువ్వాలుతో తోలు ఒత్తాడు. కొట్టి చూశాడు. తడిగుడ్డ మీద కొట్టినట్టుంది.

"ఇంగ రేపటి దాకా ఆరదు."

పలక చంకన పెట్టుకుని బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

అరగంటకు వివేక్ వచ్చాడు. అవినాష్‌కు ప్రాణం లేచివచ్చింది.

"రా అన్నా, రా! నడిమి మైకు నీకే పెట్టినా. శానా తక్కువ టైముంది."

వివేక్ గదంతా చూశాడు.

"పాలయ్య మామ యాడ?"

"ఎవరు?"

"జమ్మలమడుగు నుంచి తొలి బస్సుకే వచ్చింటాడే. ఇద్దరం వస్తామని చెప్పినా గదప్పా."

"రెండో మనిషి నీ డ్రైవరనుకున్నా."

"అరవై ఏండ్లుగా పలక వాయిస్తాండే మనిషి. డ్రైవరంట!"

వివేక్ మామకు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు.

కెరోలిన్ గడియారం చూసుకుంది.

"పోనీలే అన్నా," అన్నాడు అవినాష్, మెట్ల వైపు చూడకుండా. "నువ్వున్నావు గదా. కానీయి."

వివేక్ నడిమి మైకు దగ్గరికి పోలేదు. తన డ్రమ్మును గోడవారకు జరుపుకున్నాడు.

"నేనేం వాయించేది అవినాష్? నాకు చెయ్యి పట్టి నేర్పించినాయన వాయిస్తాంటే, పక్కన కూచుని దరువు కలుపుదామని గదా నేనొచ్చింది."