పాటకు ముందున్న టేపు

"పాట మొదలయ్యే కాడ చిట్టీ పెట్టిన, ఆడికెల్లే ఎయ్యి బిడ్డా. దాని ముందున్నది వద్దు," అన్నాడు దామోదర్, స్పూల్ టేపును సునీత చేతిలో పెడుతూ.

"ముందేమున్నది సార్?"

"ఏముంటది, ఉత్త మాటలు. పాతది, మల్ల మల్ల తిప్పితే తెగుతది."

ఆయన చూపు తప్పించాడు. సునీతకు అది చాలు.

మిర్యాలగూడలో దామోదర్ స్టూడియోను అందరూ ఊక స్టూడియో అంటారు. పాత రైస్ మిల్లు గోదాములో, బయటి మోత లోపలికి రాకుండా గోడల పొడుగునా ఊక బస్తాలు పేర్చి కట్టింది. దానికి నలభై ఏళ్లు నిండాయని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రాక్ బ్యాండ్లు మూడూ కలిసి మిల్లు ఆవరణలోనే కచేరీ పెట్టాయి. చివర్లో స్టూడియోకు పేరు తెచ్చిన వరి నాటు పాట. ముప్పై ఏళ్ల కిందటి అసలు టేపులో గొంతు మోగుతుంటే, మూడు బ్యాండ్లూ దాని వెంట వాయించాలి.

క్యాసెట్ మీద గాయని పేరు అహల్య. దామోదర్ భార్య. పాడింది మాత్రం సునీత తల్లి, లంబాడీ మాటలో యాడి, జమ్లీ.

ఈ సంగతి తండ్రి ప్రేమ్‌కుమార్ నూరిపోసిందే. "ఆ క్యాసెట్ ఎనిమిదేండ్లు నా లారీల మోగింది. మీ యాడి గొంతని నాకే తెల్వదు. అది పాడిన నాడు నేను బియ్యం లోడు మీద కాకినాడకు పోయిన. ఊర్లుంటే వాణ్ని ఇడుద్దునా?"

పగ వడ్ల లాంటిది. తడి ఆరకముందే మర పట్టిస్తే నూకవుతుంది. సునీత ఆరనిచ్చింది. గిటార్ నేర్చుకుంది, సూర్యాపేటలో బ్యాండ్ కట్టింది, ఈ కచేరీకి తనే అందరినీ కూడగట్టింది. దామోదర్‌ను కొట్టడానికి దామోదర్ పద్ధతే పనికొచ్చింది. ఆ స్టూడియోలో ఎవరు పాడినా, టేపు తిరుగుతుండగా ముందు పేరూ ఊరూ చెప్పాలి. క్యాసెట్లకు ఎక్కించేటప్పుడు అది కోసేస్తారు. అసలు టేపులో అలాగే ఉంటుంది.

కోదాడ డ్రమ్మర్ నిఖిల్‌కు ఒక్కడికే చెప్పింది.

"పెద్దాయన పరువు పోతుంది సునీతా."

"ముప్పై ఏండ్లు మా యాడి పేరు పోయింది. ఆయనది ఒక్క పూట పోతే ఏమైతది?"

"మరి మీ అమ్మగారేమన్నారు?"

జమ్లీ ఏనాడూ ఈ మాట ఎత్తలేదు. ఆమెకు ఎడమ చెవి వినపడదు. సునీత పుట్టకముందే జ్వరానికి పోయిందని ప్రేమ్‌కుమార్ చెబుతాడు. నిన్న మాత్రం కుడి చెవి కూతురి వైపు తిప్పి అంతా విన్నది.

"మీ బాపు వస్తడా?"

"ముందు వరుసల కుర్చీ ఏపిచ్చిన."

"అయితే మొదటికెల్లి ఎయ్యి. ఒక్క మాట గూడ కొయ్యకు."

ఆదివారం సాయంత్రం ఆవరణ నిండిపోయింది. దామోదర్‌కు శాలువా కప్పారు. అహల్యను పిలిస్తే, "నాకొద్దు, నేనేం చేసిన్నని?" అంటూ కిందే కూర్చుండిపోయింది.

"సూసిన్రా, మొకం చెల్లుతలేదు," అన్నాడు ప్రేమ్‌కుమార్, నలుగురికీ వినపడేలా. మీసం దువ్వుకున్నాడు.

సునీత చిట్టీ పీకేసి, టేపును మొదటికి తిప్పింది. దామోదర్ శాలువా జారుతున్నా చూసుకోకుండా మిషన్ దగ్గరికి ఉరికొచ్చాడు.

"వద్దు బిడ్డా! నేను మాటిచ్చిన!"

ఎవరికిచ్చాడో సునీత అడగలేదు. బటన్ నొక్కింది.

గరగర చప్పుడు. తర్వాత వయసులో ఉన్న దామోదర్ గొంతు: "పేరు, ఊరు చెప్పమ్మా."

ప్రేమ్‌కుమార్ లేచి నిలబడి చేతులెత్తాడు. "ఇనుండ్రి! అందరు ఇనుండ్రి!"

జమ్లీ కుడి చెవిని స్పీకర్ వైపు తిప్పింది. కళ్లు మాత్రం మొగుడి మీదే ఉంచింది.

స్పీకర్లో ఆమె పడుచు గొంతు వినిపించింది.

"నా పేరొద్దు సారూ, మా ఆయన రెండో చెవి గూడ పగలగొడ్తడు."